కంఠం ఎవరిది?

1902 నవంబరులో కలకత్తా నగరంలో గౌహర్ జాన్ ఒక పెద్ద బూర ఎదుట నిలిచి పాడారు. లండనులోని గ్రామఫోను కంపెనీ పక్షాన వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ ఆ పాటను మైనపు పలకమీద ఎక్కించుకొన్నారు. పాట ముగిసీ ముగియకముందే ఆమె ఇంగ్లీషులో ఒక చిన్న వాక్యం పలికారు. తన పేరు గౌహర్ జాన్ అని ఆ వాక్యానికి అర్థం. ఆ కాలంలో రికార్డులను అచ్చు వేసే కర్మాగారం ఈ దేశంలో లేదు. మైనపు ముద్రలు ఓడ ఎక్కి జర్మనీలోని హానోవర్ నగరానికి పోవలసి ఉండేవి. అక్కడి పనివారికి హిందూస్తానీ తెలియదు. ఏ పలక ఎవరిదో పోల్చుకొని దానిమీద సరియైన కాగితం అంటించడానికి వీలుగా గాయనియే తన పేరు చెప్పుకోవలసి వచ్చినదని ఈ వాడుకకు కారణం చెబుతారు.

ఆ అవసరం కొద్ది ఏండ్లకే తీరిపోయినది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం వెలసినది. కాని పలికిన వాక్యం పలికినట్లే ఉండిపోయినది. అలహాబాదు జానకీబాయి మొదలైన ఇతర గాయనీమణులు కూడ పాట చివర తమ పేరు చెప్పుకొనేవారు. ఇప్పుడు ఆ రికార్డులను వినేవారికి పాటకంటె ముందు ఆ వాక్యమే హృదయానికి తగులుతుంది. పాటలో కనబడని మనిషి అందులో కనబడుతుంది. కొంచెం తొందర, కొంచెం గడుసుదనం, పని అయిపోయినదన్న ఊరట, తన పేరుమీద తనకు గల మక్కువ, ఇవన్నీ ఆ నాలుగు మాటలలో వినవస్తాయి.

మెహఫిలులో కూర్చుండి పాడే మనిషి తన పేరు చెప్పుకోనక్కరలేదు. వచ్చినవారందరూ ఆమెను ఎరిగినవారే, ఆమె కొరకు వచ్చినవారే. పాడేవారు లేనిచోట పాట వినబడే కాలం వచ్చినప్పుడే పేరుతో పని కలిగినది. మనిషి పుట్టిననాటినుండి కంఠం దేహాన్ని విడిచి పోయినది లేదు. పిలిస్తే పలికిన దూరమే దాని పరుగు. పంతొమ్మిదవ శతాబ్ది చివర కంఠం మొదటిసారి ఒంటరిగా ప్రయాణం కట్టినది. అట్లా దూరదేశం పోయేదానికి తల్లి మెడలో పేరు వ్రాసిన బిళ్ళ కట్టినట్లు గౌహర్ జాన్ ఆ వాక్యాన్ని కట్టి పంపారు.

అప్పటినుండి ఒక ప్రశ్న తేలకుండా ఉన్నది. రికార్డులోని కంఠం ఎవరిది? పాడినవారిదా, కూలి ఇచ్చి పాడించుకొన్నవారిదా, వెల ఇచ్చి కొనుక్కొన్నవారిదా? చట్టం ఈ ప్రశ్నకు ఏదో ఒక సమాధానం చెబుతుంది, చెప్పక దానికి గడవదు. కాని చట్టం చెప్పిన తరువాత కూడ మిగిలే భాగం ఒకటి ఉన్నది. ఒకరి ఊపిరిని ఇంటిలో ఉంచుకొని, కావలసినప్పుడు వినిపించుకొని, వద్దన్నప్పుడు ఆపివేసే మనిషికి, ఆ ఊపిరి విడిచినవారికి నడుమ ఏ సంబంధమూ లేదా?

శబ్దం పుట్టినది గనుక నశిస్తుందని నైయాయికులు వాదించారు. శబ్దం నిత్యమనీ, నోరు దానిని పుట్టించదు, వ్యక్తం మాత్రమే చేస్తుందనీ మీమాంసకులు బదులు చెప్పారు. గ్రామఫోను వచ్చిన తరువాత మీమాంసకులే గెలిచారని ఎవరైనా పరిహాసానికి అనవచ్చును. కాని వారు నిత్యమన్నది వేదశబ్దాన్ని. దానికి కర్త లేడు. కర్త లేడు గనుకనే దోషమూ లేదన్నారు. రికార్డులోని శబ్దానికి కర్త ఉన్నాడు. అతనికి ఆకలి ఉన్నది, అప్పులు ఉన్నవి, ఒకనాడు గొంతు పూడిపోతుంది, ఒకనాడు ప్రాణమే పోతుంది. శబ్దం నిలిచి కర్త గతించే స్థితిని గూర్చి ఆలోచించవలసిన అవసరం పూర్వశాస్త్రకారులకు కలుగలేదు. ధ్వనియంత్రాన్ని 1877లో కనిపెట్టిన ఎడిసన్ మరుసటి ఏడు దాని ప్రయోజనాలకు ఒక జాబితా వేశారు. ఉత్తరాలు చెప్పి వ్రాయించడం అందులో మొదటిది. సంగీతం ఆ తరువాత ఎక్కడో వస్తుంది. కుటుంబంలోని వారి మాటలను, మరణించబోయేవారి చివరి పలుకులను దాచుకోవడం కూడ ఆ జాబితాలో ఉన్నది. తన యంత్రానికీ మృత్యువుకూ గల చుట్టరికం ఆయనకు మొదటనే తెలిసినట్లున్నది.

ఇక ఈ దేశం సంగతి. ఉత్తర భారతంలో ఠుమ్రీని, దాద్రాని, గజలును పెంచి పోషించినవారు తవాయఫులు. వారి కోఠాలకు ఇంటి యజమానులు పోయేవారు. ఇంటి స్త్రీలు పోరాదు. వివాహాది శుభకార్యాలలో వారి పాట పెట్టించినా ఆడవారు చిలుకల తెర వెనుక కూర్చుండి వినవలసినదే. గ్రామఫోను ఈ తెరను తొలగించినది. కాశీలోనో లక్నోలోనో ఒక పెద్ద ఇంటిలో కోడలు తన గదిలో కూర్చుండి, తన మామగారు డబ్బు పోసి విన్న కంఠాన్నే, కీ తిప్పి వినగలిగినది. వీధి గుమ్మం దాటి లోపలికి రానీయని మనిషి పాట పడకటింటిదాకా వచ్చినది. పురుషులు దాచుకొన్న ఒక సంపదలో స్త్రీలకు వాటా దొరికిన సందర్భం ఇది. సంగీత చరిత్రలు వ్రాసేవారు ఘరానాల వంశవృక్షాల నడుమ దీనిని అంతగా పట్టించుకోరు.

కంఠం లోపలికి వచ్చినంత మాత్రాన మనిషి రాలేదు. రికార్డులు ఇంటింటా మ్రోగుతున్న ఆ దశాబ్దాలలోనే వారి వృత్తిని గర్హించే ఉద్యమాలు కూడ సాగినవి. 1946లో సమాచార ప్రసార శాఖ సర్దార్ వల్లభభాయి పటేల్ చేతిలో ఉన్నప్పుడు, సొంత జీవితం లోకాపవాదానికి గురి అయినవారిని ఆకాశవాణిలో పాడనీయరాదని నిబంధన వచ్చినది. పలువురి పేర్ల చివర ఉన్న బాయి పోయి దేవి, బేగం చేరినవి. లోపలికి అడుగు పెట్టడానికి పేరు మార్చుకోవలసి వచ్చినది. కంఠం మాత్రం అదే.

ఈ కపటాన్ని నిందించడం సులభం, నిందించవలసినదే కూడ. అయినా రెండవ వైపు చూడకపోవడం న్యాయం కాదు. కోఠాలో పాడే మనిషిని చూచే కన్ను ఎప్పుడూ నిర్మలంగా ఉండలేదు. నోటు విసిరేవాడు, పాట మధ్యలో మరొక పాట కోరేవాడు, వినడానికి కాక చూడడానికి వచ్చేవాడు అక్కడ ఉండేవారు. రికార్డు ఆ కన్నును మూసివేసినది. వినేవాడు పాడేదానిని తేరిపార చూడలేడు, ఆజ్ఞాపించలేడు, ఆమె పాడినదే వినాలి. రికార్డు అచ్చయ్యేనాటికి ఆమె ఎక్కడో తన ఇంటిలో నిద్రపోతూ ఉండవచ్చును. మర్యాద చేయడం చేతకాని సమాజంచేత ఒక యంత్రం బలవంతంగా కొంత మర్యాద చేయించినదని చెప్పాలి.

అఖ్తరీబాయి ఫైజాబాదీ కథలో ఈ ప్రశ్న అంతా ముడిపడి ఉన్నది. 1945లో లక్నోలో ఆమె ఒక న్యాయవాదిని వివాహం చేసుకొన్నారు. గౌరవమైన కుటుంబంలో ఇల్లాలు పాడడం అప్పటి మర్యాదకు సరిపడదు. ఆమె పాట మానివేశారు. నాలుగేండ్లపాటు ఆ గొంతు బయట వినబడలేదు. ఆమె ఆరోగ్యం చెడినది, మనస్సు కుంగినది. పాడడమే దీనికి మందు అని చివరకు వైద్యులు చెప్పవలసి వచ్చినది. 1949లో లక్నో రేడియో కేంద్రంలో ఆమె తిరిగి పాడారు. అప్పటినుండి లోకానికి ఆమె బేగం అఖ్తర్.

ఆ నాలుగేండ్లను ఒక్కసారి ఊహించాలి. ఆమె పాత రికార్డులు అప్పటికే జనుల ఇండ్లలో ఉన్నవి. వాటిమీద అఖ్తరీబాయి అన్న పాత పేరే ఉన్నది. బరేలీలోనో, పాట్నాలోనో, లాహోరులోనో సాయంకాలం ఎవరో ఒకరు రికార్డు పెట్టుకొని, గజలు చివర గొంతు చిట్లే ఆ ప్రసిద్ధమైన చోటు వచ్చినప్పుడు ఆహా అని ఉంటారు. అదే సమయంలో ఆ గొంతు గల మనిషి తన ఇంటిలో మౌనంగా కూర్చుండి ఉన్నారు. ఊరంతా పాడుతున్నది, ఆమె మాత్రం పాడరాదు. కంఠాన్ని దేహంనుండి వేరు చేయవచ్చునని యంత్రం నిరూపించినది. వేరు చేసినప్పుడు దేహానికి ఏమవుతుందో ఈ కథ చెబుతున్నది.

విన్నవారిది తప్పా అంటే, కాదు. ఆమె మౌనం వారికి తెలియదు; తెలిసినా ఆపగల అధికారం వారికి లేదు. పుస్తకం చదివేవాడు గ్రంథకర్త అన్నం తిన్నాడా అని అడిగి పుట తిప్పడు గదా అని ఎవరైనా అనవచ్చును. కాని పుస్తకంలో అక్షరం ఉన్నది, ఊపిరి లేదు. రికార్డులో గాయని శ్వాస పీల్చడం వినబడుతుంది. ఒకరి శ్వాసకు అంత దగ్గరగా కూర్చున్నవాడు ఆమెకు అపరిచితుడు అంటే నమ్మడం కష్టం, బంధువు అంటే అబద్ధం. ఈ రెండింటి నడుమ ఉన్న సంబంధానికి భాషలో ఇంకా మాట పుట్టలేదు.

సినిమా వచ్చి ఈ చిక్కును మరింత పెంచినది. అక్కడ కంఠం ఒకరిది, పెదవులు మరొకరివి, దుఃఖం కథలోని మూడవ మనిషిది. 1949లో విడుదలైన మహల్ చిత్రంలోని ఒక పాట దేశమంతా మారుమ్రోగినది. రికార్డుమీద గాయని పేరు కామిని అని ఉన్నది. కామిని అనే గాయని లేదు. అది చిత్రంలో మధుబాల ధరించిన పాత్ర పేరు. పాడినది ఎవరని శ్రోతలు రేడియోకు ఉత్తరాలమీద ఉత్తరాలు వ్రాసిన తరువాతనే లతా మంగేష్కర్ పేరు తెలియవచ్చినది. గౌహర్ జాన్ తన పేరు తాను పలికిన నలభై ఏడు ఏండ్లకు, గాయని పేరు కాగితంమీదనుండి కూడ పోయి, లేని మనిషి పేరు ఆ చోట వచ్చి కూర్చున్నది. సాంకేతికంగా ఇది పురోగతి. బూర పోయి మైక్రోఫోను వచ్చినది, గుసగుస కూడ స్పష్టంగా వినబడుతున్నది.

పేరు దక్కిన తరువాత లత మరొక మెట్టు ఎక్కారు. రికార్డు అమ్ముడుపోయినంత కాలం గాయకులకు రాయల్టీలో భాగం ఉండాలని 1960 ప్రాంతాలలో ఆమె వాదించారు. మహమ్మద్ రఫీ అంగీకరించలేదు. పాటకు రుసుము పుచ్చుకొన్నాక గాయకుని లెక్క తీరిపోయినదని ఆయన మతం. ఈ భేదంవల్ల కొన్ని ఏండ్లు వారిద్దరూ కలిసి పాడలేదు. లోకం దీనిని ఇద్దరు కళాకారుల కలహంగా చెప్పుకొని వినోదించినది. నిజానికి అది రెండు ధర్మాల మధ్య వివాదం.

రఫీ చెప్పినది వడ్రంగి ధర్మం. కుర్చీ చేసి ఇచ్చి కూలి పుచ్చుకొన్న వడ్రంగి, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నప్పుడల్లా పైకం అడగడు. పని అర్పించి చేయి కడుక్కోవడంలో ఒక నిస్పృహ ఉన్నది. ఫలాన్ని విడిచిపెట్టిన మనిషి అందం ఉన్నది. ఆయన స్వభావానికి అది తగినదే. కాని కుర్చీలో వడ్రంగి కూర్చుండి ఉండడు. పాటలో గాయకుడు ఉన్నాడు. అంతేకాదు, ఒకరి ఔదార్యం అందరికీ శాసనం కావడం ఎంతవరకు సబబు? రోజుకు రెండు పాటలు పాడి మేడ కట్టుకోగలిగినవాడు విడిచిపెట్టినదానిని, ఏడాదికి రెండు పాటలు దొరికేవాడు విడిచిపెట్టలేడు. ఈ విషయంలో లత పక్షమే బలమైనదని తోస్తుంది. పాటల నుండి వచ్చే ఆదాయంలో గాయకులకు కూడ హక్కు కలిగిస్తూ చట్టం మారడానికి 2012 దాకా పట్టినది.

ఈ వివాదంలో ఎవరూ తలచనివారు మరికొందరు ఉన్నారు. పాట వెనుక వాయించే యాభై అరవై మంది. గోవానుండి బొంబాయికి వచ్చి, స్వరాలు వ్రాసి, వాద్యబృందాలను నడిపి, తెరమీద పేరు లేకుండా జీవితం గడిపినవారు వారిలో ఎందరో. వయొలిను విద్వాంసుడు ఆంథొనీ గొన్సాల్వెస్ వారిలో ఒకరు. ఆయన శిష్యుడు ప్యారేలాల్ స్వరపరచిన పాట ఒకటి 1977లో వచ్చిన అమర్ అక్బర్ ఆంథొనీ చిత్రంలో ఉన్నది. అందులో కథానాయకుడు గుడ్డులోనుండి బయటికి వచ్చి తన పేరు ఆంథొనీ గొన్సాల్వెస్ అని చెప్పుకొంటాడు. శిష్యుడు గురువుకు అర్పించిన కానుక అది. ఆ పేరు తెలియని బాలుడు ఈ దేశంలో లేడు. ఆ పేరు గల మనిషి ఎవరో తెలిసినవారు ఎందరు?

శాస్త్రీయ సంగీతాన్ని ఉపాసించేవారు ఇంతవరకు చదివి చిరునవ్వు నవ్వవచ్చును. వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ, క్షవరం చేయించుకొంటూ వినే పాటకు ఇంత విచారణ ఎందుకని వారి ప్రశ్న. వినడమంటే కూర్చుండి వినడమే, తక్కినది చెవిన పడడం మాత్రమే అని వారి సిద్ధాంతం. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రియైన బి. వి. కేస్కర్‌ది కూడ ఇంచుమించు ఇదే అభిప్రాయం. ఆయన హయాంలో సినిమా పాట ఆకాశవాణినుండి దాదాపు అదృశ్యమైనది. దాని స్థానంలో శాస్త్రీయ సంగీతం పెరిగినది. ఎందరో విద్వాంసులకు జీవనం దొరికినది. ఆ మేలును మరువరాదు. కాని జనులు సూచిక ముల్లును సింహళంవైపు తిప్పుకొన్నారు. 1952 చివర రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా మొదలైనది. బుధవారం రాత్రి అమీన్ సయానీ పలుకు కొరకు పాన్ దుకాణాల ముందు గుమిగూడిన జనం తమ అభిరుచిని ఢిల్లీలో ఎవరో దిద్దుతున్నారని గుర్తించినట్లు కూడ లేదు. 1957 అక్టోబరు 3న ఆకాశవాణియే వివిధ భారతిని ప్రారంభించవలసి వచ్చినది.

కేస్కర్ ఓడిపోయారని చెప్పుకొని సంతోషించడం ఒక అలవాటు అయినది. ఆయన ఎక్కడ పొరబడ్డారో ఆలోచించడం అంతకంటె ఉపయోగకరం. పని చేసుకొంటూ వినడం హీనమైన శ్రవణమని ఆయన వలె తలచేవారు చరిత్రను తలక్రిందులుగా చదువుతున్నారు. కదలకుండా కూర్చుండి వినే సభ ఈమధ్య వచ్చినది. పాట పుట్టినది పనిలోనే. భోజపురి స్త్రీలు తిరగలి త్రిప్పుతూ జాంతసార్ పాటలు పాడేవారు. మరాఠీ తల్లులు అదే తిరగలి దగ్గర ఓవీలు పాడేవారు. తెలుగు నాట దంపుళ్ళకు, నాట్లకు, కలుపు తీయడానికి వేరు వేరు పాటలు ఉన్నవి. తెల్లవారు జామున రెండు శేర్ల గోధుమ విసరవలసిన కోడలికి పాట అలంకారం కాదు. అది లేకపోతే చేయి ఆడదు.

అయితే ఒక తేడా ఉన్నది. దానిని దాటవేస్తే ఈ వాదం నిలువదు. తిరగలి దగ్గర ఆమె తానే పాడేది. అత్తగారిని ఎత్తిపొడవాలంటే ఒక చరణం కలిపేది, పుట్టింటిని తలచుకోవాలంటే మరొకటి. రేడియో దగ్గర ఆమె వింటుంది. కంఠం ఆమెది కాదు. పిండిమర, రేడియో ఇంచుమించు ఒకే తరంలో ఊరికి వచ్చినవి. ఒకటి ఆమె భుజాల భారం తీసినది, రెండవది ఆమె నోటిలోని మాట తీసినది. భారం తగ్గడం మేలు కాదని అనగలవాడు తిరగలి త్రిప్పనివాడే అయి ఉండాలి. కాని పోయినదానిని పోయినదని చెప్పుకోవాలి. బదులుగా ఆమెకు దక్కినది తక్కువది కాదు. లోకంలోకెల్ల మంచి కంఠాలు ఆమె పొయ్యి దగ్గరకు వచ్చి పాడినవి. తిరగలి పాటలో ఆమె దుఃఖం ఆమెదే. రేడియో పాటలో ఆ దుఃఖమే ఇంకా లక్షమందికి ఉన్నదని ఆమెకు తెలిసినది.

రేడియో సిలోన్‌లో ఉదయం పాత సినిమా పాటల కార్యక్రమం ఒకటి ఉండేది. ఎనిమిది గంటలకు కొంచెం ముందు, కార్యక్రమం చివర, ప్రతిదినం కుందన్ లాల్ సైగల్ పాట ఒకటి వేసేవారు. సైగల్ 1947 జనవరి 18న జలంధరులో మరణించారు. దశాబ్దాల తరబడి ఉత్తర భారతంలో ఎన్నో ఇండ్లలో ఆ పాటయే గడియారం. సైగల్ మొదలైనదంటే బడికి వేళ అయినదని పిల్లలకు తెలుసు, డబ్బా కట్టలేదని తల్లికి తెలుసు. దేవదాసు వేదన పలికిన కంఠం అది. విరహంతో కుమిలిపోయే ఆ పాట పూర్తి అయ్యేలోగా జడ వేయాలి, బూటు తాడు కట్టాలి, కాఫీ చల్లార్చాలి. ఇది సైగల్‌కు అవమానమా? అవమానమనడానికి మనస్సు రాదు. దేవాలయంలోని దీపం వెలుగులో పూజారి చిల్లర లెక్క పెట్టుకొన్నంత మాత్రాన దీపానికి మైల అంటదు. పైగా ఆ పిల్లలు పెద్దవారై, ఒకనాడు తమ దుఃఖం తమకు వచ్చినప్పుడు, ఆ పాట అర్థం ఎవరూ చెప్పకుండానే తెలుసుకొన్నారు. వినకుండా విన్నది లోపల దాగి ఉండి వేళకు బయటపడుతుంది. ఏకాగ్రతతో విన్నదానికి ఈ గుణం ఎప్పుడూ ఉంటుందని చెప్పలేము.

తెలుగు దేశంలో దీనికి మరింత విచిత్రమైన ఉదాహరణ ఉన్నది. ఘంటసాల వేంకటేశ్వరరావు గారు తమ చివరి దినాలలో భగవద్గీత శ్లోకాలను తాత్పర్యంతో పాడి రికార్డు ఇచ్చారు. 1974 ఫిబ్రవరిలో ఆయన మరణించారు. భక్తితో వినడానికి పాడిన ఆ గీత, కాలక్రమాన మరణం సంభవించిన ఇంటి ముందు వినిపించే గీత అయినది. వీధి చివర ఆ కంఠం వినబడితే ఎవరు పోయారని అడగడం అక్కడ సహజం. ఎవరూ ఇట్లా నిర్ణయించలేదు, ఎక్కడా వ్రాసి లేదు. అదే దక్షిణాదిలో 1963లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం తెల్లవారినదని చెబుతుంది. పాటకు అర్థం పాడినవారు ఇస్తారు. బ్రతుకులో దాని చోటు మాత్రం వినేవారు చూపిస్తారు. ఈ రెండవ కర్తృత్వానికి రాయల్టీ లేదు, పేరూ లేదు. అయినా జనులు రికార్డు కంపెనీలను అడగకుండా చేసిన ఈ పనిని సృష్టి కాదనలేము.

దేశం విడిపోయినప్పుడు నూర్‌జహాన్ పాకిస్తాను వెళ్ళారు. 1946లో వచ్చిన అన్‌మోల్ ఘడీలోని ఆమె పాటలు ఇక్కడనే ఉండిపోయినవి. ఆస్తుల పంపకంలో గ్రంథాలు, బల్లలు, కుర్చీలు కూడ లెక్కకు వచ్చినవి. కంఠాన్ని ఎట్లా పంచాలో ఎవరికీ తోచలేదు. అది ఒక అదృష్టం.

పాత పాటలే పాటలు, ఇప్పటివి రొద అని ప్రతి తరమూ అంటుంది. ఈ మాటలో నిజం కొంచెం, అన్యాయం ఎక్కువ. పాత కాలపు చెత్త పాటలను కాలం ఊడ్చివేసినది. ఈనాటి చెత్త ఇంకా వాకిట్లోనే ఉన్నది. అటు ఏరిన ధాన్యం, ఇటు తూర్పార పట్టని కుప్ప. ఈ రెంటిని త్రాసులో పెట్టి తీర్పు చెప్పేవాడు నిజానికి తన యౌవనాన్ని తూస్తున్నాడు. రికార్డులోని గొంతు ముసలిది కాలేదు, వినేవాడు అయినాడు. ఆ బాధను సంగీత విమర్శ అనుకొని పిల్లలమీద రుద్దడం పెద్దవారి తప్పులలో కొంచెం తేలికగా క్షమించదగినది.

చివరకు రికార్డు అనే వస్తువును గూర్చి ఒక మాట. డెబ్బది ఎనిమిది చుట్ల పాత రికార్డు లక్కతో చేసినది. ఛోటానాగపూర్ అడవులలో మోదుగ, రేగు మొదలైన చెట్ల కొమ్మలమీద లక్కపురుగులు కట్టిన గూడే ప్రపంచమంతటి గ్రామఫోను కంపెనీలకు ముడిసరుకు. 1942లో యుద్ధకాలపు అమెరికా ఆ లక్క వాడకాన్ని తగ్గించగా అక్కడి రికార్డుల ఉత్పత్తి కుంటుపడినది. కొమ్మలు నరికి, లక్క గీకి, బుట్టలకెత్తిన ఆదివాసి స్త్రీలు పేరు చెప్పుకొనే బూర ఏదీ లేదు. ఆ లక్కలో రాతిపొడి కలిపేవారు. ఉక్కు సూదిని గాడికి తగినట్లు అరగదీయడానికి అది అవసరం. సూది ఒక వైపు పాడగానే అరిగిపోతుంది, మార్చాలి. మార్చకపోతే సూది గాడిని అరగదీస్తుంది. మార్చినా కొంత అరుగుదల తప్పదు. అంటే విన్న ప్రతిసారి పాట కొంచెం తగ్గేది. గజలు చివర గాయని గొంతు సన్నగిల్లే చోటు మరొకసారి వినాలంటే, ఆ చోటునే కొంచెం ఖర్చు పెట్టుకోవాలి. ఇంటిలో పెద్దవారు రికార్డును పండుగనాటి పట్టుచీర వలె తీసి, విని, తుడిచి, సంచిలో పెట్టడం పిసినారితనం కాదు.

ఇప్పుడు వినడానికి ఖర్చు లేదు. పాత రికార్డులను సేకరించేవారు వాటిని యంత్రానికి ఎక్కించి, గరగరలు తీసివేసి అందరికీ అందుబాటులో ఉంచుతున్నారు. వెయ్యిసార్లు విన్నా పాట అరగదు. ఇది గొప్ప ఉపకారం. 1902 నాటి గౌహర్ జాన్‌ను పల్లెలోని పిల్లవాడు చేతి ఫోనులో వినగలగడం చిన్న విషయం కాదు. కాని అట్లా ఎక్కించడానికి సేకర్తలు వెదకేది గీతలు లేని పలకలను. ముంబయి చోర్‌బజారులోనో, కలకత్తా ఫ్రీ స్కూల్ వీధిలోనో పాత రికార్డుల దొంతరను ముందు వేసుకొని, ఒక్కొక్కదానిని వెలుగుకు ఏటవాలుగా పట్టి చూస్తారు. గాడులు నల్లగా నిగనిగలాడితే మంచిది, బూడిద రంగుకు తిరిగితే పనికిరాదు. నిగనిగలాడేది ఎవరూ అంతగా విననిది. బూడిద రంగుకు తిరిగినది ఏ ఇంటిలోనో ప్రతి సాయంకాలం విన్నది. అమ్మేవాడు మొదటిదానికి ఎక్కువ ధర చెబుతాడు. రెండవదానిని ప్రక్కన పడవేస్తాడు.